ముఖం దాటి చూడాలి: గర్భంలో మద్యం సోకిన పిల్లల నిర్ధారణ



ఎవరి పేరిట ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డాక్టరుగారి దగ్గర పనిచేసినవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. జలుబుతో వచ్చిన బిడ్డకైనా సరే, తల చుట్టూ టేపు పెట్టి కొలవాల్సిందే. కొలత రాయని కేస్ షీటు తీసుకెళ్తే మారుమాట లేకుండా తిరిగి మన చేతిలో పెట్టేవారు. ఆయన్ని పొగడటానికి ఇక్కడ నాకంటే బాగా మాట్లాడగలవాళ్లున్నారు. నేను ఒక కొలత గురించీ, ఒక ప్రశ్న గురించీ మాట్లాడి కూర్చుంటాను. కొలత మనకి వచ్చు. ప్రశ్నే ఇంకా అలవాటు కాలేదు.

గర్భిణి తాగిన మద్యం మావిని దాటి బిడ్డకి చేరుతుంది. కాసేపట్లోనే తల్లి రక్తంలో ఎంత ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లి కాలేయం దాన్ని విరిచి వదిలించుకుంటుంది. పిండం కాలేయానికి ఆ శక్తి ఇంకా రాలేదు. ఉమ్మనీటిలోకి చేరిన మద్యం అక్కడే నిలవ ఉండిపోతుంది, బిడ్డ మళ్లీ ఆ నీళ్లే మింగుతుంది. తల్లికి మత్తు దిగిపోయాక కూడా బిడ్డకి దిగదన్నమాట. అది కల్లయినా, బీరయినా, ఖరీదైన వైనయినా లోపలికి వెళ్లేది ఒకటే పదార్థం. ఇంతవరకైతే ఏమీ కాదని చెప్పదగ్గ మోతాదు ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

ఇంత తేలిగ్గా అర్థమయ్యే విషయాన్ని వైద్యశాస్త్రం కాగితం మీద పెట్టడానికి ఇరవయ్యో శతాబ్దం రెండో సగం దాకా ఆగాల్సి వచ్చింది. 1968లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు, తాగుడు అలవాటున్న 69 కుటుంబాలకి చెందిన 127 మంది పిల్లల్ని పరిశీలించి, వాళ్ల ముఖాల్లో, ఎదుగుదలలో, ప్రవర్తనలో ఉన్న పోలికల్ని రాశాడు. రాసింది ఫ్రెంచిలో, అదీ ఒక ప్రాంతీయ వైద్య పత్రికలో. చదివినవాళ్లు తక్కువ, నమ్మినవాళ్లు ఇంకా తక్కువ.

ఐదేళ్ల తర్వాత అమెరికాలోని సియాటిల్‌లో అదే సంగతి మళ్లీ బయటపడింది. అక్కడ క్రిస్టీ ఉలెలాండ్ అనే జూనియర్ డాక్టరు, ఎంత పాలు పట్టినా బరువు పెరగని పసిపిల్లల్లో చాలామంది తల్లులు తాగుడుకి బానిసలైనవాళ్లేనని గమనించింది. పుట్టుకతో వచ్చే అవకరాల్ని చూడటంలో చెయ్యి తిరిగిన డేవిడ్ స్మిత్, ఆయన శిష్యుడు కెన్నెత్ లయన్స్ జోన్స్ ఆ పిల్లల్ని చూశారు. మనస్తత్వవేత్త యాన్ స్ట్రైస్‌గుత్ వాళ్ల తెలివితేటల్ని పరీక్షించింది. 1973లో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది: ఒకరికొకరు ఏమీ కాని 8 మంది పిల్లలు, మూడు వేర్వేరు జాతులవాళ్లు, అయినా ఒక తల్లి బిడ్డల్లా ఒకే పోలిక. ఆ ఏడాదే వచ్చిన మరో వ్యాసంలో ఈ జబ్బుకి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పడింది.

ఆ పిల్లలకి కళ్ల చీలిక చిన్నది. ముక్కుకీ పైపెదవికీ మధ్య ఉండాల్సిన గాడి చదునుగా ఉంటుంది. పైపెదవి సన్నగా గీత గీసినట్టుంటుంది. ఈ మూడూ కలిసిన ముఖం అప్పటినుంచి పాఠ్యపుస్తకాలకెక్కింది. మనమంతా ఆ ఫొటో చూసే పాసయ్యాం. ఇది పెద్ద ఆవిష్కారం, సందేహం లేదు. కానీ తర్వాతి యాభై ఏళ్లలో ఎక్కువమంది పిల్లలు మన కళ్లు గప్పి పోవడానికి కారణం కూడా ఆ ఫొటోయేనని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. 1981లో క్యాథ్లీన్ సులిక్ ఎలుకల మీద చేసిన ప్రయోగం సైన్స్ పత్రికలో వచ్చింది. గర్భం దాల్చిన ఏడో రోజున ఎలుకకి మద్యం ఎక్కిస్తే, పుట్టబోయే పిల్లల ముఖాల్లో సియాటిల్ పిల్లల ముఖాల్లోని తేడాలే కనిపించాయి. ఎలుకకి ఏడో రోజంటే మనిషికి సుమారు మూడో వారం. నెల తప్పిందో లేదో తల్లికి ఇంకా తెలియని రోజులవి. ముఖానికి మూసపోసే గడువు అంత చిన్నది. ఆ కొద్ది రోజుల్లో మద్యం పడితే ముఖం మీద ముద్ర పడుతుంది. అప్పుడు తాగకుండా అయిదో నెలలోనో ఏడో నెలలోనో తాగితే ముఖం చక్కగానే ఉంటుంది. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ కడుతూనే ఉన్న ఇల్లు, దెబ్బ ఏ నెలలోనైనా తగలొచ్చు. అందుకే మద్యం వల్ల మెదడు దెబ్బతిన్న పిల్లల్లో ఈ ముఖ లక్షణాలు మూడూ ఉన్నవాళ్లు చిన్న భాగమే. ఉన్నవాళ్లకైనా వయసు పెరిగేకొద్దీ పోలిక చెదిరిపోతుంది. లెమ్వాన్ తాను చూసిన పిల్లల్ని దశాబ్దాల తర్వాత మళ్లీ వెతికి చూసినప్పుడు ముఖాలు మారిపోయాయి, బుద్ధికీ ప్రవర్తనకీ సంబంధించిన ఇబ్బందులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ మొత్తం వర్గాన్ని ఇప్పుడు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటున్నారు, పొట్టిగా ఎఫ్ఏఎస్‌డీ. 1996లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక వర్గీకరణ ఇచ్చింది. 1997లో సియాటిల్‌లోనే సూసన్ ఆస్ట్లీ, స్టెర్లింగ్ క్లారెన్ నాలుగంకెల కోడు తెచ్చారు: ఎదుగుదల, ముఖం, మెదడు, మద్యం, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా అంకె. కెనడా వాళ్లు 2016 నాటి మార్గదర్శకాల్లో ఎదుగుదలని నిర్ధారణ లక్షణాల్లోంచి తీసేశారు. మెదడు పనితీరుని పది విభాగాలుగా చూసి, కనీసం మూడింటిలో తీవ్రమైన లోపం ఉండాలన్నారు. ముఖ లక్షణాలు మూడూ ఉంటే తల్లి తాగిందో లేదో తెలియకపోయినా నిర్ధారించవచ్చు. అవి లేకపోతే మాత్రం తాగినట్టు రూఢి కావాలి. ఈ వర్గీకరణల మధ్య తగాదాలు చాలా ఉన్నాయి, వాటిలోకి వెళ్లను. ఆ చివరి షరతు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పిల్లల్లో ఎక్కువమందికి ముఖ లక్షణాలు లేవు కాబట్టి, నిర్ధారణ అంతా వచ్చి ఆ షరతు మీదే ఆగుతుంది.

ముందు కొలత సంగతి. బిడ్డని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లు బాగా తెరిచి పైకి చూడమనాలి. పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ స్కేలుని రెప్ప వెంట్రుకలకి తగలకుండా, వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. కంటి బయటి మూల లోపలి మూల కంటే కాస్త వెనక్కి ఉంటుంది, కనుక స్కేలు కూడా ఆ వాలులోనే ఉండాలి. అడ్డంగా తిన్నగా పట్టుకుంటే కొలత తక్కువ వస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చాలు ఫలితం తారుమారు కావడానికి. పెదవిని చూసేటప్పుడు బిడ్డని నవ్వించకండి. పిల్లల డాక్టర్లకి నవ్వించడం అలవాటు, ఇక్కడ అదే చిక్కు తెస్తుంది. నవ్వితే ఎవరి పెదవైనా సన్నబడుతుంది, గాడి చదునవుతుంది. పెదవులు ఊరికే ఆనించి, ముఖం సడలించి ఉండగా చూడాలి. పోల్చడానికి అయిదు ఫొటోలున్న కార్డు దొరుకుతుంది. అయితే అవి ఎవరి ముఖాలు? కొలతల పట్టిక ఏ దేశపు పిల్లలది? వేరే జనాభా పట్టికతో పోలిస్తే మామూలు కళ్లు చిన్నవిగానూ, చిన్న కళ్లు మామూలుగానూ లెక్కకొస్తాయి.

తల చుట్టుకొలత, ఎత్తు, బరువు మీకు చెప్పనక్కర్లేదు. మన దగ్గర వీటితో ఇంకో ఇబ్బంది ఉంది. తక్కువ బరువుకీ చిన్న తలకీ తల్లి పోషణ లోపం కారణం కావచ్చు, కాన్పులో ఊపిరాడకపోవడం కావచ్చు, గర్భంలో సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ముఖ లక్షణాల్లో కొన్ని విలియమ్స్ సిండ్రోమ్‌లోనూ, కార్నీలియా డి లాంజ్‌లోనూ, తల్లి మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడిన పిల్లల్లోనూ కనిపిస్తాయి. అవన్నీ కాదనుకున్నాకే మద్యం పేరెత్తాలి. తల్లి తాగుతుందని తెలిసిన మరుక్షణం వెతకడం ఆపేసే డాక్టరు, అసలు అడగని డాక్టరంత తప్పే చేస్తాడు.

ఇక మెదడు. ముఖం మామూలుగా ఉన్న ఎఫ్ఏఎస్‌డీ బిడ్డ మన ముందుకి ఏ ఫిర్యాదుతో వస్తాడు? "మాటలు బ్రహ్మాండంగా చెప్తాడండీ, పని మాత్రం ఒక్కటీ పూర్తి చెయ్యడు." "నిన్న ఎనిమిదో ఎక్కం గడగడా అప్పజెప్పాడు, ఇవాళ మొదలే గుర్తులేదంటాడు." "ఎన్నిసార్లు కొట్టినా అదే తప్పు మళ్లీ చేస్తాడు." టీచరు "పుస్తకం తీసి, ఆరో పేజీలో రెండో లెక్క చేసి, తెచ్చి చూపించు" అంటే, వాడు పుస్తకం తీసి అక్కడే ఆగిపోతాడు. వినలేదని టీచరు అనుకుంటుంది. విన్నాడు. మూడు పనుల్ని వరసలో పట్టి ఉంచుకోవడమే వాడివల్ల కావడం లేదు. నోటి మాట వయసుకి మించి ఉండటం వల్ల ఈ పిల్లలకి మరీ అన్యాయం జరుగుతుంది. ఇంత మాట్లాడగలిగినవాడికి ఇది అర్థం కాదా, కావాలనే చేస్తున్నాడని తేల్చేస్తారు. జరిగినదానికీ దాని ఫలితానికీ ముడి వేసుకోలేని బిడ్డకి దెబ్బలు ఏమీ నేర్పవు. ఐక్యూ పరీక్షలో మామూలు మార్కులు రావడం కూడా జరుగుతుంది, అంతటితో ఫైలు మూసేస్తాం.

ఈ పిల్లలకి వేరే పేర్లు పడతాయి. ఏడీహెచ్‌డీ, మొండితనం, పెంపకం లోపం. అమెరికాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, దత్తత వెళ్లిన, లేదా పెంపుడు ఇళ్లలో ఉన్న పిల్లల్లో ఎఫ్ఏఎస్‌డీ ఉన్నట్టు తేలినవాళ్లలో 86.5 శాతం మందికి అంతకుముందు నిర్ధారణ జరగనే లేదు, లేదా తప్పుగా జరిగింది. ఇది బీదవాళ్ల జబ్బు, ఆదివాసుల జబ్బు అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. 2018లో వచ్చిన అధ్యయనం కోసం అమెరికాలోని నాలుగు మామూలు ప్రాంతాల్లో ఒకటో తరగతి పిల్లల్ని బడికి వెళ్లి మరీ పరీక్షించారు. తక్కువలో తక్కువ అంచనాకే నూటికి ఒకరి నుంచి అయిదుగురి దాకా లెక్క తేలింది. అలా దొరికిన 222 మందిలో అంతకుముందే నిర్ధారణ అయినవాళ్లు ఇద్దరు.

ఆస్ట్రేలియాలో జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే చిన్న ఊరుంది. 2007లో అక్కడి ఆదివాసీ స్త్రీలు జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ ముందుండి నడిపి, ఘాటైన మద్యం బయటికి పట్టుకుపోయే అమ్మకాల మీద ఆంక్షలు తెచ్చుకున్నారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతాల్లో సారా మీద లేచిన ఆడవాళ్లని ఎరిగినవాళ్లకి వాళ్ల కోపం కొత్తగా అనిపించదు. కానీ అక్కడివాళ్లు ఇంకో అడుగు వేశారు. అమ్మకాలు తగ్గించుకున్నాక, ఇప్పటికే పుట్టిన మా పిల్లల సంగతేమిటని అడిగారు. డాక్టర్లు వచ్చి అధ్యయనం చేస్తామన్లేదు. ఊరే డాక్టర్లని పిలిచింది. లిలిల్వన్ అని ఆ పనికి స్థానిక భాషలో పేరు పెట్టుకున్నారు. 2002, 2003లలో పుట్టిన పిల్లలందర్నీ చూడాలనుకున్నారు. తల్లుల్నీ, పెంచుతున్న అవ్వల్నీ పలకరించే పనిలో ఆ ఊరివాళ్లే తోడున్నారు. అర్హులైన కుటుంబాల్లో 95 శాతం ఒప్పుకున్నాయి. గర్భంలో తాగామని సగానికి పైగా తల్లులు చెప్పారు. 108 మంది పిల్లల్ని పరీక్షిస్తే 21 మందిలో ఎఫ్ఏఎస్‌డీ ఉంది, అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు.

భయపెట్టే అంకె ఇది. నాకు మాత్రం ఆ 95 శాతమే ఎక్కువ ఆశ్చర్యం. ఇంత సిగ్గుతో కూడిన విషయం చెప్పడానికి అంతమంది ఒప్పుకున్నారంటే, అడిగినవాళ్లు ఎవరు, ఎందుకడిగారు అన్నది వాళ్లకి ముందే తెలుసు. బిడ్డకి ఏం సాయం కావాలో తేల్చడానికి అడుగుతున్నారని తెలుసు.

అదే రాష్ట్రంలో బాంక్సియా హిల్ అనే బాలల నిర్బంధ కేంద్రం ఉంది. అక్కడున్న 99 మంది పిల్లల్ని పరీక్షించిన ఫలితాలు 2018లో వచ్చాయి. 36 మందికి ఎఫ్ఏఎస్‌డీ. ముందే నిర్ధారణ అయినవాళ్లు ఇక్కడా ఇద్దరే. దిక్కులేని చోటా ఇద్దరే, అన్నీ ఉన్న అమెరికా బళ్లలోనూ ఇద్దరే. పోలీసు అడిగిన ప్రతిదానికీ తలూపే కుర్రాడు, చెప్పిన తేదీకి కోర్టుకి రావడం గుర్తుండని కుర్రాడు, జడ్జికి పొగరుబోతులా కనిపిస్తాడు. యాన్ స్ట్రైస్‌గుత్ ఇలాంటి పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడించి చెప్పిందేమిటంటే, చిన్నప్పుడే నిర్ధారణ అయి, నిలకడైన ఇంట్లో పెరిగినవాళ్లకి చదువు చెడటం, కేసుల్లో ఇరుక్కోవడం లాంటివాటినుంచి తప్పించుకునే అవకాశం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. ఈ జబ్బుకి మందు లేదు కదా, పేరు పెట్టి ఏం లాభం అనేవాళ్లకి నా జవాబు అది. పేరు తెలిస్తే టీచరు ఒక్కొక్క పనీ విడివిడిగా చెప్తుంది, తండ్రి బెల్టు పక్కన పెడతాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం పుచ్చుకుంటామన్నవాళ్లు 1.3 శాతం. తెలంగాణలో 6.7 శాతం, అక్కడి పల్లెల్లో 9 శాతం. ఈ అంకెల్ని తెలంగాణ ఆడవాళ్ల మీద నిందగా చదవడానికి వీల్లేదు. అక్కడ కల్లు పండగలోనూ పనిలోనూ కలిసిపోయింది, కాబట్టి దాచకుండా చెప్పారు. ఆంధ్రలో చెప్పినవాళ్లు అతి తక్కువ. తాగేవాళ్లు అంత తక్కువో, చెప్పేవాళ్లు తక్కువో సర్వే చెప్పలేదు. కల్లు చలవ చేస్తుందనే మాట మనందరం విన్నదే. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుందనీ మనకి తెలుసు. దానికి తోడు కల్తీ కల్లులో కలిపే డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ ఒక చిక్కు. సియాటిల్ పుస్తకాల్లో దానికి జవాబు దొరకదు, ఇక్కడే వెతుక్కోవాలి. హైదరాబాద్, విశాఖ ఫ్లాట్లలో వారాంతపు వైను సంగతి సర్వేలో ఎవరు చెప్తారు?

ఇంత ఉన్నా మన పద్ధతుల్లో ఈ జబ్బుకి చోటు లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వెతకాల్సిన జబ్బుల జాబితాలో దీని పేరు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లోనూ లేదు. దీనితో బాధపడే బిడ్డకి సర్టిఫికెట్ కావాలంటే బుద్ధిమాంద్యం కిందనో, అభ్యసన వైకల్యం కిందనో దూరాలి. ఐక్యూ మామూలుగా ఉంటే మొదటి దారి మూసుకుపోతుంది. దానికి జాబితా మారేదాకా ఆగాలి. అడగడానికి మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

అడగడంలోనే అంతా ఉంది. తాగిందీ లేనిదీ పుట్టిన బిడ్డ మొదటి విరేచనంలో పరీక్షించి తెలుసుకునే వీలుంది. కానీ అది గర్భం రెండో సగం సంగతే చెప్తుంది, పైగా ఏడేళ్ల బిడ్డని తీసుకొచ్చిన రోజున దానితో పనిలేదు. తల్లినే అడగాలి. "తాగుతావా?" అంటే "లేదు" అన్న జవాబుని మనమే చేతిలో పెట్టినట్టు. డెట్రాయిట్‌లో ప్రసూతి వైద్యుడు రాబర్ట్ సోకోల్ 1989లో చిన్న ప్రశ్నావళి తయారు చేశాడు. అందులో తెలివైన ప్రశ్న, మత్తెక్కాలంటే నీకు ఎంత పడుతుంది అన్నది. తాగుతావా అని నిలదీస్తున్నట్టు ఉండదు కాబట్టి నిజం వచ్చేది. మన ఆసుపత్రిలో నర్సమ్మ ఇలా మొదలుపెట్టొచ్చు: "అక్కా, నెల తప్పినట్టు నీకెప్పుడు ఎరుకయ్యింది? గంతకుముందు పండుగకో, పని నుంచి వచ్చినంకనో కల్లు తాగుతుంటివా?" అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి. భర్త తాగుడు గురించి ముందు అడిగితే ఆమె మాట కూడా అందులోంచే వస్తుంది. మూడో వారం గురించి తప్పు మోపడానికి ఏమీ లేదు, అప్పటికి ఆమెకి తెలియదు. ఆ మాట పైకి చెప్పండి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గర్భిణుల్ని శిక్షించబోయాయి. శిక్ష ఉందని తెలిసిన తల్లి గర్భిణి పరీక్షలకి రావడమే మానేస్తుంది. దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ ద్రాక్ష తోటల్లో కూలిలో కొంత భాగంగా వైను పోసే పద్ధతి తరాల తరబడి సాగింది. ఎఫ్ఏఎస్‌డీ ప్రపంచంలో అత్యధికంగా కనిపించిన చోట్లలో అదొకటి. అక్కడ తప్పు ఏ తల్లిదని రాస్తాం?

చివరగా ఈ విభాగాధిపతులకి ఒక విన్నపం. నాలుగంకెల కోడులో మద్యం గడికి నాలుగు జవాబులున్నాయి: తాగినట్టు రూఢి అయింది, అదీ ఎక్కువ మోతాదులో, అయితే 4. రూఢి అయి మోతాదు తెలియకపోయినా, అంత ఎక్కువ కాకపోయినా 3. తెలియదు అయితే 2. తాగలేదని రూఢి అయితే 1. "తెలియదు"కీ "లేదు"కీ వాళ్లు వేర్వేరు అంకెలు ఇచ్చారు చూడండి. మన కేస్ షీటులో ప్రసూతి చరిత్ర కింద బీపీ, షుగరు, థైరాయిడు, వాడిన మందులు అని వరసగా ఉన్నాయి. మద్యం అన్న గడి లేదు. లేని గడిని మనం "లేదు" అని చదువుకుంటున్నాం. వచ్చే నెల కొత్త కేస్ షీట్లు అచ్చుకి వెళ్తున్నాయని ఇందాక లోపలికి వస్తుంటే విన్నాను. మందుల గడి కింద అరంగుళం ఖాళీ ఉంది.